కోడి జ్వరం వార్డులో తొలి రోగి

రెండు వేల ఆరో సంవత్సరం ఆషాఢ మాసంలో, బర్డ్ ఫ్లూను ఎదుర్కోవడానికి విశాఖపట్నం సర్వసన్నద్ధంగా ఉందని అధికారికంగా ప్రకటించారు. అన్నీ అమరాయి. రావలసింది జబ్బు ఒక్కటే.

ఈ ప్రకటన వెనక ఎంతో కృషి ఉంది. మహారాష్ట్రలో కోళ్లు చచ్చిపోతున్నాయని ఆ ఏడు ఫిబ్రవరిలో కబురు రాగానే మన దగ్గర ఒక సంసిద్ధతా సంఘం వెలిసింది. అక్కడ కోళ్లు చావడం ఆగిపోయేసరికి ఇక్కడ సంఘం తొలి సమావేశం ముగిసింది. అక్కడి జనం ఆ సంగతే మరిచిపోయి మళ్లీ కోడికూర వండుకుంటున్న వేళకు ఇక్కడ ప్రత్యేక వార్డు తయారైంది. తొందరపాటు లేకుండా పనిచేయడం మన పరిపాలనలో మొదటినుంచీ ఉన్న సుగుణం.

వార్డు ఒక సర్కారు ఆసుపత్రిలో పెట్టారు. ఆసుపత్రి పేరు మనకు అనవసరం. అద్దాల తలుపులు, పది పడకలు, ఏసీలు, పడక పడకకీ ఆక్సిజన్ గొట్టం, గోడలకు లేత నీలం రంగు. ఒక మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించారు. సూపరింటెండెంటు డాక్టర్ భీమశంకరరావుగారే సంసిద్ధతా సంఘానికి అధ్యక్షులు కూడా కాబట్టి ఆయన మాట్లాడారు.

"సోదర సోదరీమణులారా! జబ్బు వచ్చాక వార్డు కట్టడం పాతకాలపు పద్ధతి. వార్డు కట్టి జబ్బు కోసం ఎదురుచూడడం శాస్త్రీయ పద్ధతి. ఈ పడకల మీద ఇంతవరకు ఒక్క రోగి కూడా పడుకోలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. ఆ ఘనత చెదిరిపోకుండా గుమ్మంలో ఒక సెక్యూరిటీ గార్డును నిలబెట్టారు.

జనంలో భయం పోగొట్టడం కూడా సంసిద్ధతలో భాగమే. అందుకని బీచ్ రోడ్డు మీద షామియానా వేసి, పెద్దలంతా కెమెరాల ముందు కోడి వేపుడు తిన్నారు. భీమశంకరరావుగారు శాకాహారి. అయినా దేశసేవకు వెనకాడకుండా రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో ఒక కోడికాలు పట్టుకుని, ఫొటో అయ్యేదాకా నవ్వుతూ నిలబడ్డారు. ఆ మర్నాటినుంచి ఒక ఆటోకు మైకు కట్టి "కోళ్లకు భయపడవద్దు, ధైర్యంగా తినండి" అని వీధి వీధికీ తిప్పారు. అంతవరకు కోళ్లకు భయపడాలన్న ఆలోచనే లేని వీధుల్లో కూడా కోడికూర ఆగిపోయింది.

ఫిషింగ్ హార్బర్ రోడ్డులో చికెన్ కొట్టు పెట్టుకున్న గవర్రాజు ఆ ఆటోకు అడ్డం పడి దండం పెట్టాడు.

"బాబ్బాబు, మీకు పున్నెముంటాది, బయపడొద్దని సెప్పకండి. మీరు సెప్పనంతకాలం బాగానే అమ్ముకున్నాను."

మైకు హోరులో అతని గొంతు వినబడలేదు.

ఇక జ్వరం మాటకొస్తే, ఆ రోజుల్లో విశాఖలో జ్వరాలు లేకపోలేదు. వానలు పడగానే మల్కాపురంలోనూ, పోర్టు వెనక పేటల్లోనూ, హార్బరు పక్క జాలరి పేటలోనూ దోమలు లేచాయి. వాటి వెనకే మలేరియా లేచింది. కాని అది ఏటా వచ్చేది. ఏటా వచ్చేదానికి సంసిద్ధత ఎందుకు? అందుచేత దానికి సంఘం లేదు, రిబ్బను లేదు, మైకు ఆటో లేదు. దాని రోగులకు జనరల్ వార్డు ఉంది. అది నిండితే వరండా ఉంది. వరండా నిండితే మెట్లున్నాయి.

ఆ మెట్ల దగ్గరికే ఒక మధ్యాహ్నం ఎల్లారావు తన భార్య పోతమ్మను ఆటోలో వేసుకొచ్చాడు. ఎల్లారావు మరబోటు మీద చేపల వేటకెళ్లే మనిషి. పోతమ్మ హార్బరులో వేలంపాటలో చేపలు పాడుకుని, గంప నెత్తినెట్టుకుని ఊళ్లో అమ్ముకొచ్చే మనిషి. బోటు ఒడ్డుకొచ్చేసరికి ప్రతిరోజూ గంపతో నిలబడే పోతమ్మ ఆ పూట కనబడలేదు. ఇంటికెళ్లి చూస్తే, ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ కప్పుకుని వణుకుతోంది. మాట తడబడుతోంది. మొగుణ్ణి గుర్తుపట్టలేదు.

"మంచాల్లేవయ్యా" అన్నాడు వార్డుబాయ్, తలెత్తకుండానే. "వరండాలో ఎక్కడైనా చోటు చూసుకో."

వరండాలో చోటు లేదు. మల్కాపురం నుంచి వచ్చిన తాతబాబు అనే ముసలాయన ఒక చాపమీద అదే జ్వరంతో పడున్నాడు. ఒకప్పుడు పోర్టులో బస్తాలు మోసిన ఒళ్లు ఇప్పుడు ఎముకలు లెక్కపెట్టుకునేలా ఉంది. పక్కన ఆయన భార్య సన్యాసమ్మ అట్టముక్కతో విసురుతోంది. పోతమ్మను చూసి తాతబాబు తనే గోడవైపు ఒత్తిగిలాడు.

"ఇలా తొంగోబెట్టు బాబూ. ఆడకూతురు, మెట్లమీద ఎలాగుంటాది?"

సగం చాప మీద పోతమ్మను పడుకోబెట్టి ఎల్లారావు చుట్టూ చూశాడు. ఎదురుగా అద్దాల తలుపులు. లోపల పది మంచాలు, ఉప్పులా తెల్లటి దుప్పట్లు. మంచాల మీద మనుషులు లేరు గాని వాళ్లకు చల్లగా ఉండడానికి ఏసీలు తిరుగుతున్నాయి. అతను గార్డు దగ్గరికి వెళ్లాడు.

"ఏటి బావా, ఈ మంచాలన్నీ కాళీయే కదా?"

"కాళీ కాదు. సిద్ధం" అన్నాడు గార్డు.

"ఎవులికి?"

"కోడి జొరమొచ్చినోళ్లకి."

"ఎవులికైనా వచ్చినాదా?"

"ఇంకా నేదు. వత్తాదని సూత్తన్నాం."

"మరది కోడి జొరమో, మామూలు జొరమో ఎలా తెలుత్తాది?"

గార్డుకు చాలా రోజులుగా ఎవరూ ఏ ప్రశ్నా వేయలేదు. గోడమీది పోస్టరు వైపు తిరిగి ఓపిగ్గా చదివాడు. "ఒళ్లు కాలాల. దగ్గు రావాల. కోళ్లతో మసిలుండాల."

ఎల్లారావు వెనక్కి తిరిగి చూశాడు. ఒళ్లు కాలుతోంది. దగ్గుకేముంది, తెప్పించవచ్చు. కోళ్లే లేవు. పోతమ్మ పుట్టి బుద్ధెరిగాక చేపల్తో తప్ప దేనితోనూ మసలలేదు. ఎల్లారావు అబద్ధాలాడే మనిషి కాదు. కాని చాపమీద పోతమ్మ కళ్లు తేలవేసింది. దాంతో అతను వరండా అదిరేలా అరిచాడు.

"బాబో! మా ఆడది కోళ్ల మజ్జన తొంగుంటాది! కోళ్లన్నీ సచ్చిపోనాయి బాబో!"

అంతవరకు పిలిచినా రాని డాక్టర్లు పరుగున వచ్చారు. వచ్చి, దూరంగా ఆగిపోయారు. భీమశంకరరావుగారు మాస్కు మీద మాస్కు కట్టుకుని దిగారు. ఆయన కళ్లలో భయమూ ఉంది, కట్టిన సత్రానికి తొలి బాటసారి వచ్చినప్పటి ఆనందమూ ఉంది.

సంసిద్ధతా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సమస్య జటిలమైనది. ఈమెకు బర్డ్ ఫ్లూ ఉంటే జిల్లా పరువు పోతుంది. లేకపోతే వార్డు పరువు పోతుంది. పైగా మరికొద్ది రోజుల్లో మన సంసిద్ధతను చూడడానికి ఢిల్లీ నుంచి పరిశీలక బృందం రానుంది. ఖాళీ వార్డు చూపిస్తే కట్టినదెందుకని అడుగుతారు. జబ్బు చూపిస్తే వచ్చినదెందుకని అడుగుతారు. చాలాసేపు చర్చించి, రోగిని ఉంచాలి గాని రోగాన్ని ఉంచకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు. అలా పోతమ్మ 'అనుమానితురాలు' అయింది.

ఆమెను అద్దాల వార్డులో పడుకోబెట్టారు. వైద్యాన్ని అద్దం ఇవతలినుంచి పర్యవేక్షించడానికి డాక్టర్లు అంగీకరించారు. లోపలికి వెళ్లడానికి మాత్రం అనూరాధ అనే నర్సును పంపారు. అనూరాధ ఏ జ్వరానికైనా చేసినట్టే వేలు గుచ్చి రక్తం తీసి పరీక్షకు పంపింది. మలేరియా అని తేలింది. ఆ మాటే సూపరింటెండెంటుగారికి చెప్పింది.

"మందు పెట్టమ్మా. నేను కాదన్నానా?" అన్నారాయన గొంతు తగ్గించి. "కాని ఆ పేరు బయట అనకు. ఇంత వార్డులో మలేరియాకి వైద్యం చేశామంటే ఢిల్లీవాళ్లు నవ్విపోతారు."

క్వినైన్ ఎక్కింది. ఏసీ గాలిలో, పది మంచాల వార్డులో ఒక్కతే పోతమ్మ చెమటలు పట్టి కళ్లు తెరిచింది. పక్కనే అనూరాధ కనబడింది.

"ఓలమ్మా, నాను సచ్చిపోనానా?" అని అడిగింది.

"లేదమ్మా. నీకు మంచం దొరికింది" అంది అనూరాధ.

అటు ఎల్లారావుకు కొత్త చిక్కు వచ్చింది. మర్నాడు కోళ్ల ఉపసంఘం వారు పేటకు వస్తారట. ఆ చచ్చిన కోళ్లను, చావకుండా మిగిలిన వాటిని చూడాలట. చూపించకపోతే మంచం పోతుంది. ఎల్లారావు పరుగున గవర్రాజు కొట్టుకు వెళ్లి సంగతి చెప్పాడు. గవర్రాజుకు కళ్లనీళ్లు తిరిగాయి.

"తీసుకుపో బావా. ఈ దినాల్లో కోడి కావాలని అడిగినోడే నాకు దేవుడు."

మర్నాడు జీపుల్లోంచి తెల్లటి ముసుగు బట్టలు తొడుక్కుని కొందరు దిగారు. కళ్లద్దాలు, బూట్లు, చేతులకు తొడుగులు. వలలు అల్లుకుంటున్న ఆడవాళ్లు సినిమా షూటింగనుకుని జుట్లు సవరించుకున్నారు. ఎల్లారావు గుమ్మంలో గవర్రాజు కోళ్లు గింజలేరుకుంటున్నాయి. ముసుగు మనుషులు వాటిని చుట్టుముట్టారు. ఎండకి ముసుగులో ఒకాయన సొమ్మసిల్లాడు. ఆయన్ను జీపులోకి చేర్చి, మిగిలినవారు కోళ్లను పట్టి, ముందుజాగ్రత్తగా మెడలు విరిచి, గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చారు. పేటలో మనుషులు పోయినప్పుడు కూడా ఇంతమంది అధికారులు రాలేదని ఒక ముసలామె కళ్లు తుడుచుకుంది.

ఆ కోళ్లకు ఏ జబ్బూ లేదు. అందుకే సంఘం దాన్ని విజయంగా పరిగణించింది. జబ్బును అది పుట్టకముందే పేటలో అణచివేసినట్టు పత్రికలకు చెప్పారు.

పోతమ్మ లేచి కూర్చుంది. బన్ను తింది, పాలు తాగింది. ఆకలి బాగా వేస్తోంది. ఇంటికి పంపమంటే మాత్రం పంపరు. ఢిల్లీవాళ్లు వచ్చి చూసేదాకా ఆమె అనుమానితురాలిగానే ఉండాలి. చేసేదేమీ లేక మంచంమీద కూర్చుని అద్దంలోంచి వరండా చూసేది. తాతబాబు ఇంకా గోడ పక్కనే ఉన్నాడు. ఆ సగం చాప ఖాళీగా ఉండడం చూసి మరెవరో పడుకున్నారు. రోజురోజుకీ ముసలాయన ముడుచుకుపోతున్నాడు. సన్యాసమ్మ విసరడం మానేసి, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది.

భీమశంకరరావుగారు అద్దం దగ్గరికి వచ్చినప్పుడు పోతమ్మ అడిగేసింది.

"బాబూ, ఇన్ని మంచాలున్నాయి కదా. ఆ తాతని ఒకదాని మీద తొంగోబెట్టండి. నాకు చాపలో చోటిచ్చినాడు."

"అలా కుదరదమ్మా. ఆయనకి కోళ్లతో సంబంధం లేదు."

"నాకేటి సంబంధం? నాను పుట్టి..."

ఎల్లారావు బయటినుంచి గాజు తలుపు దబదబా బాది దగ్గాడు. పోతమ్మ ఆగిపోయింది.

ఈ సంభాషణ విన్న సన్యాసమ్మ మర్నాడు కొంగులో ఇన్ని కోడి ఈకలు మూటగట్టుకొచ్చి సూపరింటెండెంటుగారి కాళ్ల దగ్గర పోసింది. "మాకూ కోళ్లున్నాయి బాబూ. సచ్చిపోనాయి బాబూ" అని ఏడ్చింది.

భీమశంకరరావుగారు జాలిగుండె మనిషి. ఆవిణ్ణి కూర్చోబెట్టి నిదానంగా వివరించారు.

"చూడమ్మా. ఒక్కరైతే అనుమానం. ఇద్దరైతే వ్యాప్తి. మన జిల్లాలో వ్యాప్తి లేదని ఢిల్లీకి ముందే చెప్పేశాం. ఇప్పుడు మీ ఆయన్ని లోపల పెట్టామంటే రాష్ట్రం మొత్తానికి చెడ్డపేరు. ఆయన కోసం అంతపని చెయ్యమంటావా?"

సన్యాసమ్మ రాష్ట్రం గురించి ఎప్పుడూ ఆలోచించి ఉండలేదు. ఈకలు ఏరుకుని వెళ్లిపోయింది.

పరిశీలక బృందం వచ్చే రోజు ఉదయం ఆసుపత్రి అంతా గేటు దగ్గరే ఉంది. పూలదండలు, పన్నీరు, తిలకం పళ్లెం. గార్డును కూడా సెల్యూట్ కొట్టడానికి గేటుకు పిలిచారు. వరండాను కంటికి కనబడకుండా చేయడానికి ఒక పెద్ద బ్యానరు కట్టారు. బ్యానరు మీద 'స్వాగతం' అని ఉంది. దాని వెనక తాతబాబుకు ఫిట్సు వచ్చింది.

సన్యాసమ్మ కేక పోతమ్మకు అద్దంలోంచి వినబడింది. ఆమె మంచం దిగింది. తలుపు తోసుకుని వరండాలోకి వచ్చి మొగుణ్ణి పిలిచింది.

"రా మావా, పట్టు."

"ఏటి సేత్తన్నావే? నిన్ను గెంటెత్తారు!"

"గెంటీనీ. నాకు తగ్గిపోనాది. ఈ ముసిలోడికి నేదు. కాళ్లకాడ పట్టు, సెప్తన్నాను."

ఎల్లారావు కాళ్లు పట్టాడు, ఆడవాళ్లిద్దరూ భుజాలు పట్టారు. తాతబాబును మోసుకెళ్లి పోతమ్మ మంచం మీద వేశారు. లోపల మందులు సర్దుతున్న అనూరాధ తిరిగి చూసింది. ఆమె ఒక్క క్షణం గేటు వైపు చూసి, తలుపు వేసింది. సెలైన్ సీసా తగిలించి, సూది గుచ్చి, ఇంజక్షన్ ఇచ్చింది. ముసలాయన తెల్లమీసం మీదుగా మాస్కు కట్టి, గడ్డం దాకా దుప్పటి లాగింది.

"మీరు బయటికి వెళ్లండి. నాకేమీ తెలీదు" అంది.

బ్యాండు మేళంతో బృందం వచ్చింది. లోపలికి రావడానికి వారెవరూ ఉత్సాహం చూపలేదు. అద్దం ముందు వరసగా నిలబడ్డారు. ఫొటోలు తీశారు. బృందం పెద్దాయన అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"రోగి స్త్రీ అని చెప్పినట్టు గుర్తు" అన్నాడు.

భీమశంకరరావుగారు అప్పుడు చూశారు. దుప్పటి పైన మాస్కు, మాస్కు పైన నున్నటి బట్టతల. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. కాని ముప్పై ఏళ్ల సర్వీసు వృథా పోదు.

"అవునండీ, స్త్రీయే" అన్నారు. "ఈ జ్వరంలో జుట్టు రాలిపోవడం మేమే మొదటిసారి గమనించాం. పరిశోధన జరగాలి."

"ఆశ్చర్యం! రాసుకోండి" అన్నాడు పెద్దాయన పక్కవాడితో. తర్వాత భోజనానికి వెళ్లారు. భోజనంలో కోడి లేదు.

వాళ్ల కారు గేటు దాటగానే భీమశంకరరావుగారు వార్డులోకి దూసుకొచ్చారు. వార్డు కట్టాక ఆయన లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. ముసలాయన్ను వెంటనే దింపెయ్యమన్నారు.

"దింపేస్తానండి" అంది అనూరాధ. "కాని రేపు పేపర్లో పడేది ఈయన ఫొటోయేనండి. తర్వాత ఎవరైనా వచ్చి ఆ పేషెంటు ఏడీ అంటే ఎవర్ని చూపిద్దామండీ?"

ఆయన ఆలోచించారు. పాలకులకు ఆలోచన వచ్చినప్పుడు ప్రజలకు మేలు జరుగుతుంది. తాతబాబు ఆ మంచం మీదే ఉండిపోయాడు. జ్వరం దిగింది. కొన్నాళ్లకు గంజి తాగి, గోడ పట్టుకుని నడిచి, 'పోతమ్మ' అనే పేరుతో డిశ్చార్జి అయి, సన్యాసమ్మ భుజం మీద చెయ్యి వేసుకుని మల్కాపురం వెళ్లిపోయాడు. గుమ్మం దాటుతూ ఏసీ కేసి చూసి, "సానా సల్లగుంది, కూసింత తగ్గించుకోండి బాబూ" అని గార్డుకు సలహా చెప్పాడు.

సంసిద్ధతలో మన జిల్లాను ఆదర్శంగా ఎంపిక చేశారు. భీమశంకరరావుగారికి శాలువా కప్పారు. బర్డ్ ఫ్లూతో ఒక్క ప్రాణం కూడా పోని నగరంగా విశాఖ పేరు పత్రికల్లో వచ్చింది. జబ్బు ముప్పు తొలగిపోయింది కనుక సంఘం వారు వార్డును ఊడ్చి, కడిగి, దుప్పట్లు మార్చి, తాళం వేయించారు. ఏసీలు మాత్రం ఆపలేదు. గోడల రంగు పాడవుతుందట.

వానలు ఇంకా పడుతూనే ఉన్నాయి. ఒకరోజు పోతమ్మ అనూరాధకు ఇద్దామని మంచి చందువ చేప గంపలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. వరండా నిండుగా ఉంది. గోడ పక్కన ఒక పడుచు కుర్రాడు మూలుగుతున్నాడు. స్టీలుప్లాంటులో కాంట్రాక్టు కూలీ, పేరు మణికంఠ. తలదగ్గర కూర్చున్న తల్లిని చూసి పోతమ్మ ఆగలేకపోయింది. పక్కన కూలబడి సొంత అక్కకు చెప్పినట్టు ఆమె చెవిలో చెప్పింది.

"అప్పా, ఇంటికాడ కోళ్లున్నాయని సెప్పు. సచ్చిపోనాయని సెప్పు. ఆ గాజుతలుపు తెరుత్తారు."

"సెప్పినానమ్మా" అంది ఆ తల్లి. "కోడి జొరం ఎల్లిపోనాదంట. వార్డు మూసీసినారంట."

పోతమ్మ లేచి అనూరాధను వెతికింది. ఆవిణ్ణి ఎప్పుడో వేరే ఊరికి బదిలీ చేశారు. తాళం పట్టుకుని గుంజింది. గార్డు చెయ్యి పట్టి లాగేశాడు. ఆమె చేప గంప అక్కడే వదిలేసి, కుర్రాడి కాళ్లు ఒళ్లో పెట్టుకుని రాస్తూ కూర్చుంది. సాయంత్రానికి ఆ కాళ్లు చల్లబడ్డాయి.

ఇది కోళ్ల కథ అనుకుని మీరు ఇక్కడిదాకా వచ్చారు. మలేరియాతో కూలీ కుర్రాడు పోయిన కథ అని మొదటి వాక్యంలోనే చెప్పి ఉంటే, ఏటా పోతుంటారు కదా అని పేజీ తిప్పేసేవారు. మీ గురించి నాకు తెలుసు. అందుకే నేను కూడా కోళ్లున్నాయని చెప్పాను.